కరివేపలో ఉన్నది మామూలు ర నా, బండి ఱ నా?

కొత్తపలక:
రెండు రోజులుగా ఒక పద్యపాదం నాలుక చివరే ఆడుతోంది, బయటికి రావట్లేదు. శ్రీనాథుడి చాటువు, కృష్ణుణ్ణి నిలదీసేది. "...పల్లవ యుక్తమౌ నుడుకు..." అని నడుస్తుంది. ఆ పల్లవం కరివేపదే అని నా జ్ఞాపకం. అది ఎందుకు గుర్తొచ్చిందంటే, మొక్కలకు లాటిన్ పేర్లు పెట్టిన లినేయస్‌కీ ఆయన దగ్గర చదువుకున్న కోనిగ్‌కీ మధ్య నడిచిన ఉత్తరాల గురించి చదువుతున్నాను. కోనిగ్ 1768లో తరంగంబాడి చేరాడు. అక్కడి మొక్కల్ని ఎండబెట్టి స్వీడన్‌లో ఉన్న గురువుగారికి పంపేవాడు. అలా వెళ్ళినదే మన కరివేప. గురువు 1771లో దానికి బెర్గెరా కోనిగీ అని పేరుపెట్టి అచ్చువేశాడు. ఆ పాదం ఎవరికైనా పూర్తిగా వచ్చా? అందులో కరివేపకు ఏ ర వేశారు?

కందపద్యం:
అది కరివేప కాదండీ, చింతచిగురు. "తింత్రిణీ / పల్లవ యుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో / మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుము నీ పస కాననయ్యెడిన్." పూతన విషం తాగావు, దావాగ్ని మింగావు, సరే, ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపించు అంటున్నాడు. తిండి బాధని అంత దర్జాగా చెప్పినవాడు మళ్ళీ పుట్టలేదు. నాలుగు పాదాల మొదళ్ళూ ఫుల్ల, డల్ల, పల్లవ, మెల్లన... ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, అంతా ల్ల. ర గురించి ఆ పద్యాన్ని అడిగి లాభం లేదు.

బండిఱ:
పద్యం తేలింది కాబట్టి అసలు ప్రశ్నకు వద్దాం. నా మటుకు అది కఱివేపే, శకటరేఫమే, అంటే బండి ఱ. కఱి అంటే నలుపు. శివుణ్ణి కఱకంఠుడు అన్నది అందుకే కదా. మా కరీంనగర్‌లో ఇప్పటికీ "పోరడు కర్రెగున్నడు" అంటం. వేపాకు లేత పచ్చన, దీని ఆకు ముదురు పచ్చన. నల్ల వేప అన్నమాట. కన్నడం వాళ్ళు కరిబేవు అనేదీ ఇదే అర్థంలో.

తోటమాలి:
ఆకు కాదండీ, పండు చూడండి. మా పెరట్లో పదిహేనేళ్ళ చెట్టుంది. కాయ ముందు పచ్చగా, తర్వాత ఎర్రగా, పండితే మెరిసే నలుపు. చిదిపితే వేళ్ళకి ఊదారంగు అంటుకుని సాయంత్రం దాకా పోదు. పొద్దున్నే పికిలిపిట్టలు వాలేది ఆ పళ్ళ కోసమే. వేపపండు పసుపు, ఇది నలుపు. పేరు పెట్టినవాళ్ళు చెట్టు కింద నిలబడి చూసి పెట్టారు. ఇంకో మాట, వృక్షశాస్త్రం ప్రకారం ఇది వేప కుటుంబం కాదు, నిమ్మ, నారింజల కుటుంబం. వేప అన్నది ఆకు పోలిక చూసే.

మైలాపూరు:
తరంగంబాడి తమిళ నేల. కోనిగ్ చెవిన పడ్డది తమిళప్పేరే అయివుండాలి. ఇక్కడ మేం కఱివేప్పిలై అని గట్టి ఱ తోనే రాస్తాం, కానీ తమిళంలో ఆ కఱి అంటే కూర. పాత తమిళంలో మిరియం కూడా. నలుపుకి వేరే మాట ఉంది, కరు, మామూలు ర తో. కరువేప్పిలై అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ లెక్కన నల్ల వేప. అంటే తమిళంలో ఱ వేస్తే కూర, తెలుగులో ఱ వేస్తే నలుపు. బండిఱ గారూ, రేపు మీకు తాళపత్రంలో ఱ దొరికినా అర్థం తేలదు.

బండిఱ:
తెలుగు మాటకు తెలుగు నిఘంటువే ప్రమాణం అండి. పక్కింటి ఱ తెచ్చి మన ఇంట్లో పెట్టకూడదు.

మైలాపూరు:
చెట్టుకి భాష లేదు కదా మాస్టారూ. పేరు ఎటునుంచి ఎటు వెళ్ళిందో ముందు తేలాలి.

చిన్నక్క:
మా నాయనమ్మ కరి అంటే ఏనుగే, ఏనుగులు తినే వేప అనేది. చిన్నప్పటి నుంచీ అదే నమ్ముతున్నాను.

కందపద్యం:
నాయనమ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నానమ్మా, కుదరదు. ఏనుగు కరి సంస్కృతం, మామూలు ర. పోతనగారిని చూడు. "కరిఁ దిగుచు మకరి సరసికిఁ / గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్..." నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం సాధురేఫమే, అంటే మామూలు ర. ఆ పద్యం పైకి చదువు, ఒడ్డుకీ మడుగుకీ మధ్య గుంజులాట వినిపిస్తుంది. నాకు ఆరో తరగతిలో వచ్చింది, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మకరిలో కరి ఉంది, కరకరిలో కరి ఉంది, ఆ ఒక్క మాటతోనే యుద్ధం అంతా నడిపించాడు.

ఉప్పుటేరు:
మా కాకినాడ ముచ్చట ఎవరూ ఎత్తలేదేంటి? కోనిగ్ పోయింది మా జగన్నాథపురంలోనే, 1785లో, విరేచనాలతో. అప్పుడు సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ అనే డాక్టరు, ఆయనా మొక్కల పండితుడే, వైద్యం చేశాడు. రాక్స్‌బర్గ్ తన పుస్తకాల్లో మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు, ఇంగ్లీషు లిపిలో. ఆ లిపిలో రాసిన ఆర్ చూసి అది ర నో ఱ నో ఎవరు చెప్పగలరు? గురుశిష్యుల కాగితాల్లో వెతికినా అంతే. వంతెన దాటి జగన్నాథపురం వెళ్ళినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. లాత్వియాలో పుట్టి, ఐస్‌లాండ్ తిరిగి, మా ఉప్పుటేరు ఒడ్డున కన్నుమూశాడు.

లాటిన్ పంతులు:
ఐస్‌లాండ్ అన్నారు కాబట్టి ఒక మాట. అక్కడ ఏరిన రెండంగుళాల మొక్కకి గురువు 1767లోనే కోనిగియా అని పేరుపెట్టాడు. శిష్యుడు మన తీరం చేరకముందే. ఇక కోనిగీ చివరి ఈ దీర్ఘం షష్ఠీ విభక్తి, "కోనిగ్ యొక్క" అని. మనమైతే "కోనిగు వారి" అంటాం. ఇంకా తమాషా, 1825లో ఈ చెట్టుని ముర్రాయా అనే ప్రజాతిలోకి మార్చారు. ముర్రే కూడా లినేయస్ శిష్యుడే, ఆ పేరు సూచించింది కోనిగే, గురువు అచ్చువేశాడు. ఇప్పుడు చాలామంది మళ్ళీ బెర్గెరా అంటున్నారు. నన్నడిగితే కరి కన్నా ఈ "ఈ" లోనే ఎక్కువ కథ ఉంది.

బండిఱ:
దీర్ఘం సంగతి తర్వాత చూద్దాం. ర తేలడానికి ఒకటే దారి. కరివేప ప్రాసస్థానంలో పడిన పద్యం కావాలి. పాతవాళ్ళు ర కీ ఱ కీ ప్రాస కలపరు, తిక్కన గారి కాలానిదైతే మరీ మంచిది. తర్వాతి వాళ్ళు కలిపేశారు, వాళ్ళ సాక్ష్యం చెల్లదు.

కొత్తపలక:
ఒక సీసంలో చూసినట్టు గుర్తు మాస్టారూ. రాత్రికి వెతికి పెడతాను.

బండిఱ:
సీసం వద్దమ్మా, దానికి ప్రాస నియమం లేదు. ఆటవెలదీ అంతే. కందమో, వృత్తమో చూడు.

తోటమాలి:
ఈ లోపు ఎవరికైనా పిలక కావాలంటే చెప్పండి, వానలు పడగానే తవ్వి ఇస్తాను.