20 వాట్ల క్లాస్-ఎ ఆంప్లిఫయర్ తీసుకోవాలా, 250 వాట్లదా? విన్నకొద్దీ అయోమయం పెరుగుతోంది

రాత్రిశ్రోత:

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. నావి ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత సౌండ్ చేస్తాయో) 87 డీబీ (డెసిబెల్స్), వెనకాల ఇంపిడెన్స్ (కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు) 4 ఓమ్స్ అని రాసుంది కానీ కొలతల గ్రాఫ్ చూస్తే బేస్‌లో ఒకచోట 3 ఓమ్స్‌కి దిగిపోతోంది. నేను కూర్చునేది 3 మీటర్ల దూరంలో. ఎక్కువగా వినేది గాత్రం, వయొలిన్, పియానో. ఆదివారం మాత్రం ఆర్కెస్ట్రా కాస్త గట్టిగానే పెడతాను.

తెలిసినవాళ్ల దగ్గర రెండు ఆంప్లిఫయర్లు అడిగి తెచ్చుకున్నాను. ఒకటి లక్స్‌మన్ ఎల్-550ఏఎక్స్ మార్క్ 2, క్లాస్-ఎ (ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే రకం), 8 ఓమ్స్‌కి 20 వాట్లు. ఇంకోటి హెగెల్ హెచ్390, 250 వాట్లు. వాల్యూమ్ రెండిటికీ చెవికి సమానంగా అనిపించేలా పెట్టుకుని విన్నాను. మొదటి రోజు హెగెల్‌లో తెర తీసేసినట్టు అనిపించింది, ఇక ఇదే అనుకున్నాను. మూడో రోజు రాత్రి లక్స్‌మన్‌లో అదే పాట చాలా తక్కువ సౌండ్‌లో పెడితే, చరణం ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకోవడం ఎంత దగ్గరగా వినపడిందంటే కాసేపు కదల్లేకపోయాను. ఇప్పుడు రెండూ కావాలనిపిస్తోంది. ప్యూరిఫై కంపెనీ మాడ్యూల్ ఉన్న క్లాస్-డి (ట్రాన్సిస్టర్లని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిపే రకం) కూడా చూడమని ఒకాయన అన్నారు. హెగెల్ డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ కోన్ కదలికని ఆంప్లిఫయర్ ఎంత అదుపు చేయగలదో చెప్పే అంకె) 4000 పైన అంటున్నారు, అది లెక్కలోకి తీసుకోవాలా?

వోల్ట్‌మీటర్:

మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసిన ముక్క "చెవికి సమానంగా". అక్కడే తేడా వస్తుందండీ. ఒక డీబీ ఎక్కువైతే మన చెవి దాన్ని సౌండ్ పెరిగింది అనుకోదు, క్లారిటీ పెరిగింది అనుకుంటుంది. ఒక 200 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, ఆంప్లిఫయర్ వెనక స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి చూడండి. 1000 హెర్ట్జ్ వద్దు, మామూలు మీటర్లు చాలావరకు అంత పైన సరిగ్గా చూపించవు. ఒకదాంట్లో 2.00 వస్తే రెండోదాంట్లో 1.98 నుంచి 2.02 లోపు ఉండాలి, అప్పుడు తేడా 0.1 డీబీ లోపే. మీటర్ పుల్లలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. ఇది చేయకుండా విన్న మూడు రోజులూ లెక్కలోకి రావు, ఏమీ అనుకోవద్దు.

ఇక వాట్ల సంగతి. 8 ఓమ్స్‌కి 20 వాట్లంటే 12.6 వోల్ట్లు, 250 వాట్లంటే సుమారు 44.7. అంకె పన్నెండున్నర రెట్లు కనపడుతున్నా డీబీల్లో తేడా 11 మాత్రమే, చెవికి దాదాపు రెట్టింపు సౌండ్. మరి ఆ 11 డీబీ మీకు అవసరమా అన్నది ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. ఆదివారం ఎంత గట్టిగా వింటారో అంత వాల్యూమ్ పెట్టి ఆపండి. నాబ్ కదపకుండా మైనస్ 20 డీబీ లెవెల్‌లో (అంటే గరిష్ఠ వోల్టేజ్‌లో పదో వంతు) ఉన్న 200 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి వోల్ట్లు చూడండి. వచ్చినదాన్ని పదితో గుణిస్తే మీ ఆంప్లిఫయర్‌ని మీరు అడిగే గరిష్ఠ వోల్టేజ్ అది. 12.6 లోపు వస్తే లక్స్‌మన్ ధైర్యంగా ఉంచుకోండి.

డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 4000 అనేది టెర్మినల్ దగ్గర అంకె. అక్కడి నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 3 మీటర్లు లాగితే, పోనూ రానూ కలిపి 0.04 ఓమ్ వస్తుంది, స్పీకర్ చేరేసరికి ఆ 4000 కాస్తా 200 లోపుకి పడిపోతుంది. అయినా అది చాలు, దాని గురించి ఆలోచించడం మానేయండి.

వెచ్చని గది:

క్లాస్-ఎ ఏడేళ్లుగా వాడుతున్నాను కాబట్టి ఒక మాట. పాట ఉన్నా లేకపోయినా అది దాదాపు ఒకే కరెంటు తాగుతుంది. పుష్-పుల్ (ట్రాన్సిస్టర్లు జతగా పనిచేసే) క్లాస్-ఎ సామర్థ్యం సిద్ధాంతపరంగానే 50 శాతం దాటదు, అదీ ఫుల్ పవర్‌లో. మనం వినే సౌండ్‌లో తీసుకున్న కరెంటంతా వేడిగానే పోతుంది. నాకు అమ్మినాయన తలుపున్న అల్మారాలో పెట్టుకున్నా ఏం కాదన్నాడు, నమ్మి పెట్టాను. నాలుగో ఏడాది నుంచి ఎడమ స్పీకర్‌లో సన్నటి హమ్ మొదలైంది. విప్పి చూస్తే పవర్ సప్లై కెపాసిటర్లలో రెండు పైన ఉబ్బి ఉన్నాయి, ఒకదాని కింద జిగురులాంటి మరక. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు సగమవుతుందని రిపేరు చేసినాయన చెప్పేదాకా నాకు తెలియదు. ఎంత బాధపడ్డానో చెప్పలేను. తీసుకుంటే పైన జానెడు ఖాళీ వదలండి, చుట్టూ గాలి ఆడనివ్వండి.

ఇంత అయినా మళ్లీ క్లాస్-ఎనే కొంటాను. తక్కువ సౌండ్‌లో రెండు ట్రాన్సిస్టర్లు ఒకదానికొకటి అప్పగించుకునే చోట వచ్చే క్రాస్ఓవర్ డిస్టార్షన్ ఇందులో ఉండదు. మంచి క్లాస్-ఏబీ (తక్కువ సౌండ్‌లో క్లాస్-ఎలా, ఆపైన ట్రాన్సిస్టర్లు వంతులేసుకునే) డిజైన్లలో కూడా అది ఇప్పుడు చాలా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మీరు రాసిన ఆ ఊపిరి సంగతి చదవగానే నా రాత్రులు గుర్తొచ్చాయి.

సోల్డర్ వాసన:

వెచ్చని గది గారి అనుభవాన్ని కాదనను. కానీ "క్లాస్" పేరుని బట్టి సౌండ్ ఊహించడం నాకు నచ్చదు. 1985లో ఆంప్లిఫయర్ల డిజైనర్ బాబ్ కార్వర్ స్టీరియోఫైల్ పత్రిక వాళ్లకి సవాలు విసిరి, తన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ని వాళ్లు ఎంచుకున్న ట్యూబ్ ఆంప్లిఫయర్‌లా పలికించాడు. రెండిటి అవుట్‌పుట్‌ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడా వినపడనంత చిన్నదయ్యేదాకా సర్దుకుంటూ పోయాడు. లోపల ట్యూబ్ ఉందా ట్రాన్సిస్టర్ ఉందా అనేదానికంటే, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఆంప్లిఫయర్ లోపలి అడ్డు), ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, డిస్టార్షన్ ఎలా ఉన్నాయన్నదే స్పీకర్‌కి తెలుస్తుంది.

ఆ మాటకొస్తే మీ స్పీకర్లకి ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో పోల్చి తప్పు సరిచేసే ఏర్పాటు) లేని సింగిల్-ఎండెడ్ (జత లేకుండా ఒకే వైపు నుంచి మొత్తం సిగ్నల్‌ని నడిపే) ట్యూబ్ ఆంప్లిఫయర్ మాత్రం వద్దు. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 2 ఓమ్స్ ఉందనుకోండి, మీ స్పీకర్ 3 ఓమ్స్ ఉన్నచోట, 20 ఓమ్స్ ఉన్నచోట సౌండ్ మధ్య తేడా మూడున్నర డీబీ వస్తుంది. అప్పుడు వినేది స్పీకర్ గొంతు కాదు.

క్లాస్-డి తప్పకుండా వినండి. ప్యూరిఫై డిజైన్ బ్రూనో పుట్జీస్‌ది, అంతకుముందు హైపెక్స్ కంపెనీలో ఎన్‌కోర్ అనే క్లాస్-డి డిజైన్ చేసింది ఆయనే. వేడి తక్కువ, స్పీకర్ ఇంపిడెన్స్ మారినా రెస్పాన్స్ మారదు. ఒక్క హెచ్చరిక: క్లాస్-డిలో చాలావాటికి నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు, రెండు టెర్మినల్స్‌లోనూ సిగ్నల్ ఉంటుంది. కామన్ గ్రౌండ్ ఉన్న స్విచ్ బాక్స్‌కి కలిపితే ఆంప్లిఫయర్ పోతుంది.

రాత్రిశ్రోత:

కొలిచాను. మొదట నేను "సమానం" అనుకున్న సెట్టింగులే మళ్లీ పెట్టి చూశాను: లక్స్‌మన్ 2.00, హెగెల్ 2.31. అంటే ఒక డీబీకి పైనే తేడా! సరిచేశాక మా తమ్ముణ్ణి వైర్లు మార్చమని చెప్పి, ఏది ఏదో తెలియకుండా పన్నెండు సార్లు విన్నాను. ఏడుసార్లు సరిగ్గా చెప్పాను, అంటే చెప్పలేకపోయినట్టే. ఆ ఊపిరి రెండిట్లోనూ ఉంది. ఆ రాత్రి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, హెగెల్ విన్నది పగలు. అంతే అనుకుంటాను.

కానీ ఆదివారం వాల్యూమ్‌లో మైనస్ 20 టోన్‌కి 1.7 వోల్ట్లు వచ్చింది. అంటే 17, లక్స్‌మన్ చెప్పే 12.6 దాటిపోయింది. మిగతా రోజులది 6 కూడా రాలేదు. వెచ్చని గది గారూ, మనసు ఇంకా అటే లాగుతోంది, కానీ ఆర్కెస్ట్రా ఎగసే చోట ఇది చాలదేమో అన్న టెన్షన్‌తో వినడం నావల్ల కాదు. లక్స్‌మన్ తిరిగి ఇచ్చేస్తున్నాను. క్లాస్-డి సోమవారం వస్తోంది, హెగెల్‌ని అప్పటిదాకా ఉంచుకోమన్నారు. స్విచ్ బాక్స్ జోలికి పోను, రెండూ ఆఫ్ చేశాకే వైర్లు మారుస్తాం.