2019 క్రెటా డీజిలా, 2021దా? అసలు "2020 మోడల్" అంటే ఏ బండి?

ఖమ్మం కుర్రాడు
అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్ హ్యుందాయ్ క్రెటా డీజిల్ కోసం తిరుగుతున్నాను. గట్టిగా లాగితే 11 లక్షల దాకా వెళ్లగలను. మూడు బళ్లు తేలాయి. ఒకటి 2019, పాత షేపు, 1.6 డీజిల్ మాన్యువల్, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది "2020 మోడల్, బీఎస్6" అని బ్రోకర్ చెప్పాడు (బీఎస్ అంటే పొగ కాలుష్య ప్రమాణం, 4 పాతది, 6 కొత్తది), 52 వేలు. ఇంకా చూడలేదు, ఆర్సీ ఫొటో మాత్రం పంపాడు. మూడోది 2021, కొత్త షేపు, 1.5 డీజిల్, 61 వేలు. దీనికి 2019 దాని కన్నా లక్షన్నర ఎక్కువ అడుగుతున్నారు.

ఉండేది నిజాంపేట, ఆఫీసు గచ్చిబౌలి. నెలకోసారి ఖమ్మం వెళ్తాం. మా మామగారు 2019 తీసుకోమంటారు, మా ఆవిడ 2021 అంటుంది. కనీసం ఏడెనిమిదేళ్లు ఉంచుకోవాలి. ఏ సంవత్సరం బండి తక్కువ తలనొప్పి పెడుతుంది?

డీజిల్ బాబాయ్
మీ మామగారికి నా నమస్కారం చెప్పు. కళ్లు మూసుకుని 2019 తీసుకో. ఆ 1.6 ఇంజిన్ పవర్ 128 పీఎస్, లాగుడు శక్తి (టార్క్) 260 ఎన్ఎం. తర్వాత వచ్చిన 1.5 డీజిల్ 115 పీఎస్, 250 ఎన్ఎం. కొత్తదంటూ ఇంజిన్ తగ్గించి ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, బీఎస్4 బండిలో డీపీఎఫ్ అనే పొగ ఫిల్టరు లేదు. లేని పార్టు చెడిపోదు కదా!

కొత్తబండి
బాబాయ్, మీరు ప్రతి చర్చలోనూ ఇదే మాట. 2019 బండికి ఇప్పటికే ఆరేళ్లు నిండాయి. ఇతను ఇంకో ఎనిమిదేళ్లు ఉంచుకుంటానంటున్నాడు. అంటే అమ్మేటప్పటికి పద్నాలుగేళ్ల బీఎస్4 డీజిల్. మన దగ్గర రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. అప్పుడు దాన్ని ఎవరు కొంటారు? ఢిల్లీలో కాలుష్యం ముదిరి మూడో దశ ఆంక్షలు పెట్టినప్పుడల్లా ముందు ఆపేది బీఎస్3 పెట్రోలు, బీఎస్4 డీజిల్ కార్లనే. ఇవాళ ఢిల్లీ, రేపు హైదరాబాద్.

డీజిల్ బాబాయ్
హైదరాబాద్ ఢిల్లీ అయ్యేసరికి నేనూ ఉండను, ఆ బండీ ఉండదు.

లెక్కల మాస్టారు
మీరిద్దరూ కొట్టుకునే ముందు ఆ రెండో బండి సంగతి తేల్చండి. "2020 మోడల్ క్రెటా" అనే మాట ఒక్క బండికి సరిపోదు. పాత క్రెటా 2015 జూలైలో వచ్చింది, 2018 మేలో ముఖం మార్చారు. కొత్త తరం 2020 మార్చి మధ్యలో విడుదలైంది, అది బీఎస్6. దేశమంతా బీఎస్6 అమల్లోకి వచ్చింది 2020 ఏప్రిల్ 1న. ఆలోపు బీఎస్4 స్టాకు వదిలించుకోవాలని అన్ని కంపెనీల డీలర్లూ ఆ జనవరి నుంచి మార్చి దాకా భారీ డిస్కౌంట్లు ఇచ్చారు. అందుకని 2020లో రిజిస్టర్ అయిన క్రెటా పాత షేపు బీఎస్4 కావచ్చు, కొత్త షేపు బీఎస్6 కావచ్చు. రెండూ పూర్తిగా వేర్వేరు బళ్లు.

ఆర్సీలో "తయారైన నెల" అని ఉంటుంది, అది చూడు. వాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే ఉద్గార ప్రమాణం కూడా చూపిస్తుంది. ఇంకా తేలిక దారి, ముందు అద్దం మీద అతికించిన రిజిస్ట్రేషన్ స్టిక్కర్. డీజిల్‌కు నారింజ రంగు. బీఎస్6 అయితే దాని పైభాగంలో ఒక సెంటీమీటరు ఆకుపచ్చ పట్టీ ఉండాలి.

ఖమ్మం కుర్రాడు
మాస్టారూ, ఇప్పుడే ఆ ఫొటో జూమ్ చేసి చూశాను. తయారీ 11/2019, రిజిస్ట్రేషన్ 2020 ఫిబ్రవరి. వాహన్‌లో భారత్ స్టేజ్ 4 అని వస్తోంది.

కొత్తబండి
అయిపోయింది. 2019 బండికి 2020 బోర్డు.

లెక్కల మాస్టారు
బండిది తప్పేమీ లేదు. మొదటి బండి లాంటిదే, తక్కువ తిరిగింది కూడా. 2019 ధరకి ఇస్తే ఆలోచించు. "2020 బీఎస్6" ధర అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయి.

షెడ్డు మనిషి
మాది మియాపూర్‌లో మల్టీబ్రాండ్ షెడ్డు. ఏ కంపెనీనీ అనడం లేదు, బీఎస్6 డీజిల్ అన్నిటికీ వర్తించే మాట చెబుతాను.

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో ఉండే ఫిల్టరు. పొగలో వచ్చే మసిని పట్టి ఉంచుతుంది. నిండుతోందని ఇంజిన్‌కు తెలిస్తే, కాస్త డీజిల్ ఎక్కువగా, ఆలస్యంగా కొట్టి ఆ ఫిల్టర్‌ను సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. దీనికి బండి ఆగకుండా, ఓ మాదిరి స్పీడులో పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. జేఎన్‌టీయూ దగ్గర సిగ్నల్‌లో నిలబడితే ఆ పని కాదు. సగం కాలాక ఇంటి గేటు ముందు ఆఫ్ చేస్తారు. మళ్లీ మర్నాడు మొదలు, మళ్లీ సగంలో ఆఫ్. ఆ కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి కింద ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడుతుంది, టర్బోకి, బేరింగులకి దెబ్బ. మీటర్‌లో లైటు వెలిగినా "సర్వీసుకి ఇచ్చినప్పుడు చూద్దాంలే" అని తిరుగుతారు. చివరికి బండి పికప్ తగ్గించేసుకుని పాకుతుంది. అప్పుడు మా దగ్గరికి వస్తారు.

2021 బండి చూడటానికి వెళ్లినప్పుడు, ఇంజిన్ చల్లగా ఉండగా, సైలెన్సర్ గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడువు. డీపీఎఫ్ సరిగా ఉన్న బండికి గుడ్డ దాదాపు శుభ్రంగానే వస్తుంది. కాటుకలా నల్లగా అంటిందంటే ఫిల్టర్ పగిలిందన్నా అర్థం, ఎవరో లోపలిది పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చేశారన్నా అర్థం. పీకడం చట్టవిరుద్ధం, కానీ చేసేవాళ్లు చేస్తున్నారు. పాత బీఎస్4 గొట్టం ఎలాగూ నల్లగానే ఉంటుంది, ఈ పరీక్ష దానికి పనికిరాదు.

తర్వాత డిప్‌స్టిక్ లాగు. ఆయిల్ పై గీత దాటి ఉంటే, వాసన చూస్తే డీజిల్ కొడుతుంటే, ఆ బండి జీవితమంతా ఊళ్లోనే గడిపింది. మీటర్ ఎంత చూపించినా సరే.

ఇంకోటి ఎవరూ అడగరు, సర్వీస్ బిల్లులో ఏ ఆయిల్ పోశారన్నది. డీపీఎఫ్ బళ్లకి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ వాడాలి, డబ్బా మీద సీ2, సీ3 లాంటి గ్రేడులు రాసి ఉంటాయి. ఏది వాడాలో బండి పుస్తకంలో ఉంటుంది. మామూలు ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. చివరికి ఫిల్టర్ విప్పి కడగాలి, లేదంటే కొత్తది. కొత్తదంటే లక్ష రూపాయల మాట.

డీజిల్ బాబాయ్
నేను చెప్పింది ఇదే కదా, ఇంకాస్త పొడుగ్గా.

షెడ్డు మనిషి
కాదు బాబాయ్. మీ బీఎస్4లో డీపీఎఫ్ లేదన్న మాటేగానీ ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) ఉంది, దానికీ మసి పడుతుంది. ఆరేళ్ల బండి అంటే సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగులు, క్లచ్ అన్నీ ఒకేసారి క్యూ కడతాయి. 70 వేలు ఊళ్లోనే తిరిగిన మాన్యువల్ అయితే క్లచ్ డబ్బులు ధరలోంచి ముందే తీసేయండి. ఇతను నెలకోసారి ఖమ్మం వెళ్తున్నాడు. సూర్యాపేట దాకా విజయవాడ హైవే, అక్కడి నుంచి నాలుగు వరుసల రోడ్డు. డీపీఎఫ్‌కి అంతకన్నా మంచి మందు లేదు. మధ్యలో లైటు వస్తే గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పటాన్‌చెరు దాకా ఆగకుండా వెళ్లొస్తే చాలు.

కొత్తబండి
మా బావమరిది మెడికల్ రెప్, నెల్లూరు నుంచి చెన్నై, తిరుపతి తిరుగుడే. 2021 డీజిల్. ఇంతవరకూ ఆ లైటు ఎలా ఉంటుందో కూడా చూడలేదు.

పెట్రోల్ పక్షం
అసలు ప్రశ్నే తప్పు. రోజూ ఆఫీసుకి ట్రాఫిక్‌లో తిరిగే మనిషికి డీజిల్ ఎందుకు? ఇదే డబ్బుకి 2021 లేదా 2022 క్రెటా 1.5 పెట్రోలు మాన్యువల్ వస్తుంది. టర్బో లేదు, డీపీఎఫ్ లేదు, టెన్షన్ లేదు.

లెక్కల మాస్టారు
లెక్క వేద్దాం. ఇతని వాడకం ఏడాదికి 14 వేల కిలోమీటర్లు అనుకోండి. మన ట్రాఫిక్, హైవే కలిపి పెట్రోలు లీటరుకి 12, డీజిల్ 16 ఇస్తాయనుకుందాం. పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి పెట్రోలుకి దాదాపు లక్షా 25 వేలు, డీజిల్‌కి 84 వేలు. 40 వేల తేడా. మూడేళ్లు తిరక్కుండానే మీరు భయపెట్టిన డీపీఎఫ్ డబ్బులు వచ్చేశాయి.

ఇంకో సంగతి, మీరు చెప్పే 2021 పెట్రోలు బండి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) రాకముందుది. ఆ ఇంధనానికి తగ్గట్టు పార్టులతో బళ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడుతుంది. పెట్రోలు బండికీ సంవత్సరం చూసుకోవాల్సిందే.

పెట్రోల్ పక్షం
ఏడాదికి 14 వేలు తిరుగుతాడని మీరే అనుకున్నారు. వారానికి రెండ్రోజులు ఇంటి నుంచి పని అయితే? 8 వేలు కూడా తిరగడు. అప్పుడు మీ 40 వేలు సగమవుతుంది. పైగా తిరక్కపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది.

లెక్కల మాస్టారు
అది నిజమే. ఏడాదికి 8 వేలయితే నేనూ పెట్రోలే అంటాను.

ఖమ్మం కుర్రాడు
ఆఫీసుకి వారంలో నాలుగు రోజులు వెళ్లాలి. పోనూ రానూ 30 కిలోమీటర్ల పైనే. ఖమ్మం కలిపితే 12 వేలకి తగ్గదు.

బెజవాడ బుల్లోడు
సంవత్సరం కన్నా ముందు చూడాల్సింది ఒకటి వదిలేశారు. 2024 సెప్టెంబరులో మా సింగ్‌నగర్ వైపు బుడమేరు వరదలో ఎన్ని కార్లు మునిగాయో లెక్కలేదు. అదే వారం ఖమ్మంలో మున్నేరు. ఆ బళ్లన్నీ తుక్కుకే పోయాయనుకుంటున్నారా? కడిగి, సీటు కవర్లు మార్చి హైదరాబాద్‌లో అమ్మేసినవి ఉన్నాయి. సీటు బెల్టు చివరి దాకా బయటికి లాగి చూడు, చివర్లో బురద చార కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయి. స్టెప్నీ గుంటలో, సీటు కింద బోల్టుల మీద తుప్పు చూడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర కూడా అడుగు.

కొత్తబండి
ఢిల్లీ బళ్లు కూడా. పదేళ్లు దాటిన డీజిల్ అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. అప్పటి నుంచి అక్కడి డీజిల్ బళ్లు చవగ్గా ఇటు వస్తున్నాయి. చవకే, కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక కాస్తా కరిగిపోతుంది. ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి తెలంగాణకి మార్చినా అదే తంతు. మీ మూడు బళ్లూ టీఎస్ నంబర్లేనా?

ఖమ్మం కుర్రాడు
మూడూ టీఎస్. పిల్లలున్నారు, భద్రత మాటేమిటి?

లెక్కల మాస్టారు
కొత్త తరం క్రెటాకి 2022లో కార్లను గుద్ది పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మూడు స్టార్లు ఇచ్చింది. గొప్పేమీ కాదు. స్టార్లే ముఖ్యమైతే క్రెటా పక్కన పెట్టాలి, అది వేరే చర్చ. రీకాల్స్ (లోపం ఉందని కంపెనీయే బళ్లను వెనక్కి పిలవడం) సంగతి మాత్రం చెబుతాను. 2023 ఫిబ్రవరి, జూన్ మధ్య తయారైన క్రెటా, వెర్నా పెట్రోలు సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్ గేరు) బళ్లలో 7,698 బళ్లను కంపెనీ వెనక్కి పిలిచింది, గేర్‌బాక్సు ఎలక్ట్రానిక్ ఆయిల్ పంపు కోసం. 2021 జూన్ నుంచి 2023 జూన్ దాకా తయారైన మహీంద్రా ఎక్స్‌యూవీ700లు లక్షకు పైగా వైరింగ్ పరీక్షకి పిలిచారు. కొత్త బండి అయితే చాలు, గొడవ ఉండదనుకోవద్దు. బళ్ల తయారీ కంపెనీల సంఘం సియామ్ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది.

ఖమ్మం కుర్రాడు
ఆ "2020" బండి వదిలేశాను. బ్రోకర్ ధర తగ్గించనన్నాడు. ఆదివారం పొద్దున్నే 2021 చూడటానికి వెళ్తున్నా. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని చెప్పాను. తెల్ల గుడ్డ కూడా పట్టుకెళ్తున్నా. నల్లగా వస్తే 2019 వైపు వెళ్తాను, క్లచ్ డబ్బులు తగ్గించమని అడుగుతాను.

షెడ్డు మనిషి
ఓనర్ ఒప్పుకుంటే బండి ఒకసారి మా దగ్గరికి తీసుకురా. స్కానర్ పెడితే డీపీఎఫ్‌లో మసి ఎంతుంది, చివరిసారి ఎప్పుడు కాలింది, చాలావరకు తెలిసిపోతుంది. ఒప్పుకోకపోతే అదే నీకు సమాధానం.

డీజిల్ బాబాయ్
గుడ్డ తెల్లగా వస్తే ఆ 2019 ఓనర్ నంబరు నాకు పంపు తమ్ముడూ. మా చిన్నోడికి చూస్తున్నా.

కొత్తబండి
బాబాయ్, ఇందాకటి నుంచీ సలహా ఇస్తున్నారా, బేరం చేస్తున్నారా?