కర్పూర అరటిపండ్లతో చేసిన కేకు అడుగున జిగురుగా మిగిలిపోతోంది, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న – నిజాంపేట వంటిల్లు

అందరికీ నమస్కారం. పోయిన వారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాము. మా ఆడపడుచు రావులపాలెం నుంచి కర్పూర అరటి గెల తెచ్చారు. ప్రసాదానికీ తాంబూలాలకూ పోగా నాలుగు అత్తాలు మిగిలాయి. మూడో రోజుకల్లా అవన్నీ ఒక్కసారే మగ్గిపోయి తొక్కల మీద నల్లమచ్చలు పడటంతో, పారేయడానికి మనసొప్పక కేకు చేద్దామనుకున్నాను. మా అత్తగారు గుడ్డు ముట్టరు కాబట్టి గుడ్డు లేకుండా, మైదాకు బదులు గోధుమ పిండితో, చక్కెరకు బదులు బెల్లంతో చేశాను.

నేను చూసిన కొలతల్లో రెండు కప్పుల పిండికి మూడు అరటిపండ్లని ఉంది. మావి చిన్నవి కదా అని ఏడు వేశాను. బెల్లాన్ని కొద్దిపాటి నీళ్లలో కరిగించి వడగట్టి, అందులో పండ్లు, అర కప్పు పెరుగు, నూనె వేసి, పిండితో సహా అన్నిటినీ మిక్సీలో తిప్పాను. గుడ్డు లేదు కదా, పొంగదేమోనన్న భయంతో వంటసోడా చెంచాన్నర వేశాను. లోతైన గాజు గిన్నెలో పోసి, ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) 180 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచాను. పైన చక్కగా పగిలి, ముదురు గోధుమ రంగు వచ్చింది. సాయంత్రం కోస్తే, అడుగున రెండు వేళ్ల మందాన తేగల పిండి ఉడికించినట్టు జిగురు పొర కనిపించింది. పైభాగం బాగానే ఉన్నా, తిన్న తరువాత నాలుక మీద సబ్బు రుచి మిగిలింది. పండ్ల రకమే కేకుకు పనికిరాదా, లేక నా చేతిలోనే పొరపాటు ఉందా? ఇంకా రెండు అత్తాలు ఉన్నాయి, రేపు ఎల్లుండిలో వాడేయాలి.

జవాబు – తూకంరాళ్లు

నేను ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్ముతుంటాను. అరటి కేకు విషయంలో నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇదే కథ. మీ పండ్లలో దోషమేమీ లేదు, లెక్కలోనే ఉంది. అరటిపండ్లను ఎప్పుడూ లెక్కపెట్టి వేయకూడదు, తొక్క తీసి తూచి వేయాలి. ఏడు కర్పూర పండ్లు కలిపితే దాదాపు 400 గ్రాముల గుజ్జు వచ్చి ఉంటుంది. అరటి గుజ్జులో మూడొంతులు నీరే. దానికి బెల్లం కరిగించిన నీళ్లు, పెరుగు తోడయ్యాయి. ఇంత తడిని 250 గ్రాముల పిండి మోయలేక అడుగుకు జారవిడిచింది.

నేను వాడే కొలత చెబుతాను, ఒకసారి చేసి చూడండి. గోధుమ పిండి 250 గ్రాములకు అరటి గుజ్జు 300 గ్రాములు, తురిమిన బెల్లం 150 గ్రాములు, వాసన లేని నూనె 100 మిల్లీలీటర్లు, పెరుగు 100 గ్రాములు సరిపోతాయి. బెల్లాన్ని నీళ్లలో కరిగించవద్దు. పండ్లను ఫోర్కుతో మెదిపి, ఆ గుజ్జులోనే బెల్లం తురుము కలిపి పావుగంట పక్కన పెడితే అదే కరిగిపోతుంది. మట్టి, నలకలు ఉన్న బెల్లమైతే, ఆ గుజ్జునే జల్లెడలో వేసి గరిటెతో నొక్కండి. పొడి పిండి తడిలో కలిసిన తరువాత మిక్సీ జోలికి పోకూడదు. గోధుమ పిండిని ఎంత తిప్పితే అంత సాగుతుంది, చపాతీకి అది కావాలి గాని కేకుకు కాదు. చెక్క గరిటెతో పది పదిహేను సార్లు కింది నుంచి పైకి తిరగేసి, పొడి పిండి కనబడకుండా పోగానే ఆపేయండి. అక్కడక్కడ ఉండలు కనిపించినా కంగారు పడవద్దు.

జవాబు – గోదారి గట్టు

పై సభ్యులు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అయితే సబ్బు రుచి సంగతి వేరు, అది పూర్తిగా సోడా పని. వంటసోడాకు తగినంత పులుపు తగిలితేనే అది పూర్తిగా విడిపోయి గాలి బుడగలు వదులుతుంది. పులుపుకు మించి వేసిన సోడా పిండిలోనే మిగిలిపోయి చేదుగా, సబ్బులాగా తగులుతుంది. మీ కేకు అంత ముదురు రంగు తేలడానికి బెల్లం ఒక కారణమైతే సోడా రెండో కారణం, ఎందుకంటే క్షారం ఎక్కువైతే పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. ఆ రంగును చూసి లోపల కూడా ఉడికిందనుకుని మీరు ముందే తీసి ఉంటారు. కప్పు పిండికి పావు చెంచా సోడా చాలు, అంటే మీ కొలతకు అర చెంచా. ఇంకా పొంగాలనిపిస్తే ఒక చెంచా బేకింగ్ పౌడర్ వేయండి గాని సోడా పెంచవద్దు.

పండు రకం విషయానికి వస్తే, మా తోటలో కర్పూరం, అమృతపాణి, తెల్ల చక్కెరకేళి మూడూ ఉండేవి కాబట్టి కాస్త అనుభవంతోనే చెబుతున్నాను. కర్పూరంలో తీపితో పాటు సన్నని పులుపు ఉంటుంది, అది సోడాకు మంచి జోడు. చక్కెరకేళిని కేకులో వేస్తే ఆ పరిమళం ఓవెన్ వేడికి నిలవదు, దాన్ని ఊరికే తినడమే న్యాయం. ఏ రకమైనా బాగా మగ్గాలి. పచ్చికాయలో ఐదో వంతు దాకా ఉండే పిండిపదార్థం మగ్గేసరికి దాదాపు అంతా చక్కెరగా మారిపోతుంది. సగం మగ్గిన పండును తొక్కతో సహా ఓవెన్‌లో నల్లబరిస్తే అది మెత్తబడుతుంది గాని, చెట్టు పండుకూ గడ్డిలో మాగిన పండుకూ ఉండే తీపి రాదు.

జవాబు – డాలస్ దొడ్డి

నేను గాజు గిన్నె గురించి మాత్రమే రాస్తాను. గాజు నెమ్మదిగా వేడెక్కి, ఆ వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. అందువల్ల లోతైన గాజు గిన్నెలో అంచులు మాడుతున్నా నడుమ, అడుగు పచ్చిగానే ఉంటాయి. మీకు 9 అంగుళాల పొడవూ 5 అంగుళాల వెడల్పూ ఉన్న రేకు టిన్ను దొరికితే అది వాడండి, లేదా 8 అంగుళాల గుండ్రటి పళ్లెం లాంటి టిన్ను తీసుకోండి. గాజే వాడవలసి వస్తే వేడిని 160కి తగ్గించి సమయం పెంచండి. మీ ఓటీజీ మీటను ఒకసారి చూసుకోండి, పై కడ్డీ ఒక్కటే వెలుగుతున్నా సరిగ్గా మీరు రాసినట్టే జరుగుతుంది. ఇంకొక్క మాట: కేకును సాయంత్రం కోశానన్నారు, అందాకా గిన్నెలోనే ఉంచి ఉంటే ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక అడుగుననే నీరయి ఉంటుంది. పది నిమిషాలు ఆగి జల్లెడ మీదికి బోర్లించండి.

రకాల మాట వచ్చింది కాబట్టి చిన్న పిడకల వేట. ఈ అరటి కేకును ఇక్కడ బనానా బ్రెడ్ అంటారు. అమెరికా వంట పుస్తకాల్లో ఇది 1930లలో బాగా వ్యాపించింది. అప్పుడు ఇక్కడ అమ్మిన పండు గ్రోస్ మిషెల్ అనే రకం. పనామా తెగులు ఆ తోటలను నాశనం చేయడంతో 1950, 60లలో కావెండిష్ దాని స్థానంలోకి వచ్చింది. మన అంగళ్లలో జీ-నైన్ పేరుతో దొరికేదీ ఆ కుటుంబమే. పండు మారినా వంటకం నిలిచింది, మీ కర్పూరంతోనూ నిలుస్తుంది.

జవాబు – అమలాపురం అమ్మమ్మ

అమ్మాయీ, కేకు సంగతి వీళ్లు చెప్పారు, రెండు అత్తాలూ ఒక్క కేకులో పట్టవు కదా, మిగిలినవాటికి నేను దారి చెబుతాను. గోధుమ పిండిలో మెదిపిన పండు, బెల్లం తురుము, యాలకుల పొడి, పిడికెడు బియ్యపు పిండి వేసి, ఇడ్లీ పిండి కన్నా కాస్త గట్టిగా కలిపి, గుంటపొంగణాల పెనంలో గుంటకో చుక్క నెయ్యి వేసి సన్నని సెగన కాల్చు. గుంట చిన్నది కాబట్టి నడుమ పచ్చిగా ఉండే ప్రసక్తే లేదు, సోడా అవసరమే లేదు. ఇంకా మిగిలితే హల్వా చేయి. ఇనుప మూకుడులో మాత్రం వండకు, పండు నల్లబడుతుంది. అడుగు మందం గిన్నెలో గుజ్జును నెయ్యితో వేయించి, పచ్చివాసన పోయాక బెల్లం వేసి, అంచులు వదిలి ముద్దగా తిరిగే దాకా కలుపుతూ ఉండాలి. గిన్నె దగ్గర నుంచి కదిలావంటే అడుగంటుతుంది.

మళ్లీ నిజాంపేట వంటిల్లు

అందరికీ ధన్యవాదాలు. తూచి చూస్తే ఐదు పండ్లకే 290 గ్రాములు వచ్చింది, అంటే మొదటిసారి వేసిన ఏడూ 400 దాటే ఉంటాయి. మీట కూడా నిజంగానే పై కడ్డీ మీదే ఉంది. రేకు టిన్నులో, అర చెంచా సోడాతో, రెండు కడ్డీలూ వెలిగించి 175 దగ్గర 55 నిమిషాలు ఉంచాను. పుల్ల గుచ్చితే ఒకసారి తడిగా వచ్చింది, అది పిండి కాదు, మెదగని పండు ముక్క. పక్కన గుచ్చితే పొడిగానే వచ్చింది. అడుగు దాకా ఒకే తీరుగా ఉడికింది, సబ్బు రుచి లేదు. బియ్యపు పిండితో పొంగణాలు కూడా వేశాను. మా అత్తగారు కేకును ఒక ముక్కతో సరిపెట్టి, పొంగణాలు మాత్రం పదకొండు తిన్నారు.