మోటుపల్లి ‘అభయశాసనం’లో భయం ఎవరి వలన?

ఓడదొంగల బారి నుంచి వర్తకుల్ని కాపాడతానని కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడని నిన్న ఒక మిత్రులు రాశారు. వాళ్ళ ఊరివైపు ఈ కథ ఇలాగే చెప్పుకుంటారట. కథ బాగుంది. శాసనం చెప్పేది మాత్రం వేరు.

‘అభయం’ అన్నాక ఆ భయం ఎవరి వలన అన్న ప్రశ్న వస్తుంది. సంస్కృతం మొదలుపెట్టిన పిల్లలకు పంచమీ విభక్తికి చెప్పే ఉదాహరణ ‘చోరాద్బిభేతి’: దొంగ వలన భయపడుతున్నాడు. మోటుపల్లిలో ఆ పంచమి పడాల్సింది చోరుడి మీద కాదు, రాజు మీద!

1244 నాటి ఆ శాసనం సారాంశం ఇది. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుఫానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించిన వాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పయ్యింట ఒకటి.

తనకు ముందు రాజులు చేసింది దోపిడీ అని ఒక రాజు రాతి మీద చెక్కించడం నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం. ఓడదొంగల కథలో ఈ గొప్పతనం కాస్తా పోతుంది. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

ఇలాంటి శాసనం ఎవరి కోసమో చెప్పే చక్కటి పాత మాట ఒకటుంది: సాంయాత్రికులు. ‘సాంయాత్రికః పోతవణిక్’ అంటుంది అమరకోశం. ఓడ మీద వ్యాపారం చేసేవాడన్నమాట.

*

“అయితే అప్పట్లో ఓడదొంగలే లేరంటారా?” అని అడిగిన వారికి:

ఉన్నారండీ. గుజరాత్, మలబారు తీరాల నుంచి ఏటా వందకు పైగా దొంగ ఓడలు బయల్దేరేవని, ఇరవై ముప్పై ఓడలు దూరదూరంగా వరుస కట్టి వర్తకుల కోసం కాపు కాసేవని మార్కో పోలో రాశాడు. అదే మలబారులో ఏలి అనేచోట, వేరే రేవుకు పోవాల్సిన ఓడ దారి తప్పి వస్తే, దేవుడే మా దగ్గరికి పంపాడంటూ సరుకంతా తీసుకునేవారట. గణపతిదేవుడు మానుకున్నది సరిగ్గా ఇలాంటి ఆచారాన్నే. మోటుపల్లిని ముత్ఫిలి అన్న పోలో, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి చెప్పాడు.

ఇప్పుడు మోటుపల్లి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక పల్లె. విదేశీ ఓడల మాట పోయింది, చుట్టుపక్కల ఉప్పు మడులున్నాయి. చీరాల పక్కన ‘ఓడరేవు’ అనే ఊరికి పేరులో ఓడ మిగిలింది గానీ, జనం వెళ్ళేది బీచి కోసం. వేటపడవలు మాత్రం అక్కడ ఇంకా ఉన్నాయి.

ఇంకో సంగతి. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ హామీ ఇస్తూ శాసనం వేయించాల్సి వచ్చింది. కాకతీయుల రాజ్యం పోయాక వాళ్ళిచ్చిన మాటకు పూచీ ఎవరు? ‘అభయం’ ఇచ్చినవాడితోనే పోతుందని సాంయాత్రికులకు బాగా తెలుసు.