ఎస్టేట్ సేల్‌లో దొరికిన రంగుగాజు ల్యాంప్‌షేడ్‌లు: టిఫనీవేనా? ఎలా అమ్మాలి?

ఎడిసన్_నెలవంక
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంట్లోని సామానంతా అమ్మేసే అమ్మకం) రెండు టేబుల్ ల్యాంపులు వచ్చాయి. రెండూ అమ్మేద్దామని ఉంది. ముందు అవి ఏమిటో తేల్చుకోవాలి.

మొదటిది 16 అంగుళాల గుమ్మటం. చుట్టూ తూనీగలు, చిన్న ముక్కలు రెండొందల పైనే ఉంటాయి. లోపలి అంచుకి "టిఫనీ స్టూడియోస్ న్యూయార్క్" అని రాసిన చిన్న బిళ్ల అతికించి ఉంది (టిఫనీ అంటే వందేళ్ల కిందట రంగుగాజు దీపాలకి పేరుపొందిన న్యూయార్క్ కంపెనీ). కింది దిమ్మ ముదురు గోధుమ రంగు. అయస్కాంతం పట్టలేదు కాబట్టి కంచే అనుకుంటున్నాను. ప్లగ్గులో ఒక పిన్ను రెండోదానికంటే వెడల్పు.

రెండోదానికి ఆరు వంపు గాజు పలకలు, పంచదార పాకం రంగు, మధ్యమధ్యలో తెల్లటి చారలు. వాటిమీద చెట్ల బొమ్మలతో లోహపు జాలీ. సాకెట్ మీద "బ్రయాంట్" అని ఉంది. ఒక పలక మిగతావాటికన్నా కాస్త రంగు తేడాగా కనిపిస్తోంది.

బిళ్లని నమ్మొచ్చా? రెండూ బాగా మసిబారి ఉన్నాయి, తోమించాలా? ఎక్కడ అమ్మితే మంచిది?

టంకం_పని
నమస్తే అండి. అయస్కాంతం పట్టకపోతే కంచు అని తేల్చెయ్యకండి. జింకు మిశ్రమానికీ అయస్కాంతం పట్టదు, చవక దిమ్మలు చాలావరకు దాంతోనే పోస్తారు. దిమ్మ అడుగున ఫెల్టు గుడ్డ ఒక మూల ఎత్తి, కంటికి కనపడని అంచులో గోళ్ల ఆకురాయితో అర సెంటీమీటరు గీయండి. పసుపో ఎర్ర గోధుమో బయటపడితే ఇత్తడి లేదా కంచు. బూడిదతెలుపు అయితే జింకు. ఈ పరీక్ష మొదటి దీపానికే. రెండో రకం పలకల దీపాలకి అప్పట్లో పేరున్న కంపెనీలు కూడా జింకు, పోత ఇనుము వాడాయి. అక్కడ జింకు తేలితే కంగారు పడక్కర్లేదు.

ఇక బిళ్ల. అలాంటి బిళ్లలు విడిగా అమ్ముతారు, ఎవరైనా టంకం పెట్టి అతికించవచ్చు. భూతద్దంతో చూడండి. బిళ్ల చుట్టూ ఉన్న టంకం పక్క టంకం కంటే మెరుస్తోందా? నల్లటి పటినా (లోహం మీద కాలక్రమంలో ఏర్పడే, లేదా కావాలని పట్టించే పైపొర) బిళ్ల అంచు దగ్గర తెగిపోయిందా? రెండింటిలో ఏది ఉన్నా అది తర్వాత వచ్చి చేరిన బిళ్లే. అసలు షేడ్ మీద సాధారణంగా మోడల్ నంబర్ కూడా ఉంటుంది. ఆ నంబర్ డిజైన్‌కీ వ్యాసానికీ కుదరాలి. సంతకం లేని అసలు షేడ్‌లూ ఉన్నాయి. అందుకే బిళ్లని చివర చూడాలి, మొదట గాజుని చూడాలి.

గాజు చూసే పద్ధతి ఇది. దీపం ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి ఒకే ముక్కను చూడండి. మంచి ఓపలెసెంట్ (పాలరంగు కలిసిన) గాజు ఆర్పినప్పుడు పాలు కలిపినట్టు మందంగా ఉంటుంది. వెలిగిస్తే లోపల ఇంకో రంగు లేస్తుంది. టిఫనీ వర్క్‌షాప్‌లో ఒక్కో ముక్కను షీటులో ఏ భాగం నుంచి కొయ్యాలో ఎంచుకునేవారు. రెక్క మొదట్లో ముదురుగా, కొసన లేతగా ఉండడం రంగు వేసినందువల్ల కాదు, ఆ ఎంపిక వల్ల. కాపీల్లో ఒకే షీటు నుంచి వరసగా కోసేస్తారు. అందుకే నాలుగు తూనీగల రెక్కలూ ఒకే నీలం, నేపథ్యమంతా ఒకే పసుపు.

టంకం గీతలు కూడా చూడండి. ఈ రకం షేడ్‌లో ప్రతి ముక్క అంచుకీ రాగి రేకు చుట్టి, పైన తగరం, సీసం కలిపిన టంకం పోస్తారు. చేయి తిరిగినవాళ్ల గీత సన్నగా, గుండ్రంగా, ఎత్తు మారకుండా సాగుతుంది. తొందరపనిలో కూడళ్ల దగ్గర ముద్దలు కడుతుంది, లోపలివైపు చప్పగా ఉండిపోతుంది. లోపలి వైపు చూపించకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

తూనీగ డిజైన్ టిఫనీలో పనిచేసిన డిజైనర్ క్లారా డ్రిస్కాల్‌ది. 1900 పారిస్ ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది, అందుకే అందరూ దీన్నే కాపీ కొడతారు. న్యూజెర్సీలోనే ఉన్నారు కాబట్టి ఒక పూట న్యూయార్క్ హిస్టారికల్ మ్యూజియం నాలుగో అంతస్తుకి వెళ్లి రండి, అసలు టిఫనీ దీపాలు వంద దాకా ఉన్నాయి. పది నిమిషాలు చూసొస్తే మీ షేడ్ ఏమిటో మీకే తెలుస్తుంది.

మసిబారిన_ఇత్తడి
తోమించకండి! ఆ మసిలో సగం పటినాయే, బ్రాసో (ఇత్తడి పాలిష్) పెట్టారంటే విలువ గుడ్డతో పాటు పోతుంది. గాజు మీద అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, అవి రాగినీ పటినానీ తింటాయి. నీళ్లలో ముంచితే రేకు కిందికి తేమ చేరి ముక్కలు వదులవుతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. టంకం మీద తెల్లటి పొడి కనిపిస్తే అది సీసం తుప్పు. ఇసుక కాగితం వేయకండి, చేతి తొడుగులు వేసుకుని తడిగుడ్డతో తీసి ఆ గుడ్డ పారెయ్యండి. పిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోవద్దు.

ప్లగ్గు సంగతి: వెడల్పు పిన్నుని బట్టి దీపం వయసు చెప్పలేం, వైరు వయసు మాత్రమే తెలుస్తుంది. మరలు చూడండి. ప్లస్ ఆకారం గాడి ఉంటే ఆ మర 1930ల మధ్య తర్వాతిది. ఒక్క మర ఎవరో మార్చి ఉండొచ్చు, అన్నీ అవే అయితే మాత్రం మొత్తం దీపమే కొత్తది.

ఎడిసన్_నెలవంక
వివరంగా చెప్పినందుకు థాంక్స్ అండి. మొదటి దిమ్మ గీస్తే బూడిదతెలుపే. మరలన్నీ ప్లస్ గాడివే. తూనీగలన్నీ అచ్చం ఒకే నీలం. బిళ్ల చుట్టూ టంకం తళతళ మెరుస్తోంది. అంటే అయిపోయినట్టే కదా. రెండోదాని లోపల గాజు పలకల్ని చిన్న లోహపు నాలుకలు వంచి పట్టి ఉంచారు, మరలన్నీ ప్లస్ కాదు, ఒంటి గీత గాడివి.

టంకం_పని
మొదటిది కాపీ. బిళ్ల ఊడదీసి పారెయ్యండి. అది ఉంచి అమ్మితే మోసం కింద లెక్క. మీకు తెలియకపోయినా డబ్బు తిరిగివ్వాల్సి వస్తుంది.

నాకు ఆసక్తి అంతా రెండోదాని మీదే. వంపు పలకల దీపాలు ఎక్కువగా 1900 నుంచి 1930 దాకా అమెరికాలో తయారయ్యాయి. కనెక్టికట్‌లోని మెరిడెన్ ఊరి నుంచే హ్యాండెల్, బ్రాడ్లీ అండ్ హబ్బర్డ్, మిల్లర్ కంపెనీలవి బోలెడు వచ్చాయి. బ్రయాంట్ అనేది సాకెట్ కంపెనీ మాత్రమే, అదీ కనెక్టికట్‌దే, దీపం ఎవరిదో అది చెప్పదు. పేరు కోసం దిమ్మ అడుగున, షేడ్ పై అంచు లోపల, కాండం మరలు విప్పి లోపల వెతకండి.

రంగు తేడా ఉన్న పలక మార్చినదే అయి ఉంటుంది. గోరుతో తట్టి చూడండి, మందం వేరైతే శబ్దం తేడా వస్తుంది. పాత పలకలు ఇలాంటి జాలీల్లో కొద్దిగా కదులుతూ ఉంటాయి. అది దోషం కాదు. బిగించాలని ఆ నాలుకల్ని వంచబోతే విరుగుతాయి, ఒకసారి వంచినవి మళ్లీ వంపు తట్టుకోవు. కొత్త పలక వేయించాలంటే అచ్చు మీద గాజు పెట్టి కొలిమిలో 650 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వంచాలి. రంగు కలిసే పాత గాజు దొరకడమే కష్టం. మీరు అమ్మేవారే కాబట్టి అలాగే వదిలేసి, "ఒక పలక మార్చినది" అని రాసెయ్యండి.

వేలంపాట_లెక్కలు
అమ్మకం సంగతి నేను చెప్తాను. ఎక్కడైనా అడిగిన ధర చూడొద్దు. ఈబేలో "అమ్ముడైనవి" ఫిల్టర్ పెట్టి, అదే సైజు, అదే పలకల సంఖ్య ఉన్నవి చూడండి. టిఫనీ పేరు చూసి ఆశ పెంచుకునేవాళ్లంతా క్రిస్టీస్ (పెద్ద వేలం సంస్థ) ధరలే తలచుకుంటారు. 2018 డిసెంబరులో అక్కడ ఒక అసలు టిఫనీ పాండ్ లిలీ (కలువల డిజైన్) దీపం 33 లక్షల డాలర్లు దాటింది. మీ తూనీగకి వంద, రెండొందలు వస్తే బేరం బాగున్నట్టే. "టిఫనీ" అని రాయకండి, "టిఫనీ స్టైల్" అనే రాయండి. దాన్ని స్థానికంగా, చేతికి అందించే పద్ధతిలో వదిలించుకోండి.

పలకల దీపానికి తయారీదారు పేరు దొరికితే ప్రాంతీయ వేలం సంస్థకి ఫోటోలు పంపండి. అమ్మేవాడి కమిషన్, ఫోటో ఖర్చు, బీమా, అమ్ముడుపోకపోతే కట్టాల్సిన రుసుము ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. పేరు దొరక్కపోతే ఈబే చాలు. అక్కడ మొత్తం ధర మీద, షిప్పింగ్‌తో కలిపి, సుమారు 13 శాతం పోతుంది. అది ముందే లెక్కలో వేసుకోండి.

ఫోటోలు: ఆర్పి, వెలిగించి, రెండూ ఒకే కోణం నుంచి. వెచ్చని తెలుపు ఎల్‌ఈడీ బల్బు చాలు. పాతరకం వంద వాట్ల బల్బు వేడికి టంకం బలహీనపడి షేడ్ పైమూత వదులవ్వొచ్చు. లోపలి వైపు, పై ఉంగరం, దిమ్మ అడుగు, సాకెట్, ప్రతి పగులు. పగులు పక్కన స్కేలు పెట్టి తియ్యండి. వైరు చీలి ఉంటే ప్లగ్గు పెట్టకండి. వెలిగించిన ఫోటో కోసం కొత్త వైరు వేయించినా, పాత సాకెట్ మాత్రం పారెయ్యకుండా సంచిలో కట్టి కొనేవారికే ఇవ్వండి.

పంపేటప్పుడు షేడ్, దిమ్మ వేర్వేరు పెట్టెల్లో. షేడ్ లోపలి ఖాళీ అంతా నలిపిన కాగితంతో నింపి, బరువు అంచు మీద పడకుండా చూడండి. పెట్టెలో పెట్టె, మధ్య అన్ని వైపులా మూడు అంగుళాల మెత్త. పెట్టె ఊపితే లోపల ఏదీ కదలకూడదు. కదిలిందా, తెరిచి మళ్లీ కట్టండి.