రెడ్ పీ మీద 3 నెలల సస్పెన్షన్: అప్పీల్ వెయ్యాలా, ఒప్పుకుని ఊరుకోవాలా?

తెల్లారి_షిఫ్ట్
అందరికీ నమస్కారం. నాకు 19 ఏళ్ళు. సిడ్నీలో పడమర వైపు ఉంటాం. రెడ్ పీ (కొత్త డ్రైవర్లకి ఇచ్చే మొదటి దశ లైసెన్స్) వచ్చి ఏడు నెలలైంది. గంటకి 50 కిలోమీటర్ల జోన్‌లో 58 మీద వెళ్తూ కెమెరాకి దొరికాను. ఫైన్ కాగితం చూసి నాన్న "కట్టేసి వదిలించుకో" అన్నారు. ఆ రాత్రే కట్టేశాను. తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది: నాలుగు డీమెరిట్ పాయింట్లు (తప్పుకి పడేవి) పడ్డాయి, లైసెన్స్ 3 నెలలు సస్పెండ్. రెడ్ పీకి హద్దు నాలుగని తెలుసు కానీ, ఒక్క ఫైన్‌తో నాలుగూ పోతాయని తెలీదు.

గోడౌన్‌లో పని చేస్తాను. పొద్దున 4:30కి డ్యూటీ ఎక్కాలి. ఆ వేళకి మా వైపు బస్సు లేదు. సాయంత్రం ఎలక్ట్రికల్ కోర్సు. లోకల్ కోర్టులో అప్పీల్ వేసుకోవడానికి 28 రోజుల గడువు, అందులో 11 రోజులు మిగిలాయి. సస్పెన్షన్ ఇంకా మొదలవలేదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కోర్టు మెట్లెక్కలేదు. ఏం చెయ్యమంటారు?

పాత_కాపు
బాబూ, ఫైన్ కట్టావు కదా. అంటే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టే. ఇప్పుడు మేజిస్ట్రేట్ ముందు నిలబడి ఏమని చెప్తావు? పరాయి దేశంలో ఉన్నాం. కోర్టు కాగితాల మీద మన పేరు ఎక్కకుండా చూసుకోవాలి. రేపు పీఆర్ ఉంటుంది, సిటిజన్‌షిప్ ఉంటుంది. మూడు నెలలు ఎంతలో గడుస్తాయి? ఓర్చుకో.

గ్రీన్_పీ_2
నాకూ ఇలాగే పడింది. మూడు నెలలు సైకిల్ తొక్కాను. కష్టమే కానీ అయిపోయింది.

ఫైళ్ళ_అక్క
పాత_కాపు గారూ, మీరు రెండు వేరువేరు సంగతులు కలిపేస్తున్నారు. నేను లాయర్ని కాను, లాయరు ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా ట్రాఫిక్ ఫైళ్ళు చూస్తున్నాను.

58 మీద వెళ్ళాడా లేదా అన్నది ఒక ప్రశ్న. ఫైన్ కట్టడమంటే దాన్ని ఒప్పుకోవడం. దాని మీద వాదించాలంటే ఫైన్ కట్టే బదులు కోర్టును ఎంచుకోవాల్సింది. అక్కడ తప్పు ఒప్పుకుంటూనే, శిక్ష నమోదు చెయ్యకుండా సెక్షన్ 10 కింద వదిలెయ్యమని అడగొచ్చు. మేజిస్ట్రేట్ సరేనంటే పాయింట్లు పడవు. కాదంటే ఫైన్ 2,200 డాలర్ల దాకా పెరగొచ్చు. అది వేరే దారి, ఈ అబ్బాయి అడుగుతున్నది దాని గురించి కాదు.

రెండో ప్రశ్న, లైసెన్స్ సస్పెండ్ చెయ్యాలన్న రవాణా శాఖ నిర్ణయం. దాని మీదే అప్పీల్. "నేను చెయ్యలేదు" అని అక్కడ ఎవరూ అనరు. "చేశాను, కానీ మూడు నెలలూ ఆపాలా?" అని అడుగుతారు. మేజిస్ట్రేట్ అప్పీల్ కొట్టెయ్యొచ్చు, సస్పెన్షన్ ఎత్తెయ్యొచ్చు, లేదా తగ్గించొచ్చు. మన రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో పూర్తి లైసెన్స్ ఉన్నవాళ్ళు 13 పాయింట్లకి చేరితే ఈ అప్పీల్ ఉండదు. సస్పెన్షన్ బదులు ఏడాది గుడ్ బిహేవియర్, అంటే తప్పుల్లేకుండా నడుపుతానన్న షరతు ఎంచుకోవచ్చు. పీ వాళ్ళకి అది లేదు. ఉన్నది అప్పీల్ ఒక్కటే. అప్పీల్ వేస్తే నేర చరిత్ర కూడా రాదు, అనవసరంగా భయపెట్టకండి.

తమ్ముడూ, సస్పెన్షన్ మొదలయ్యే తేదీకి ముందే అప్పీల్ దాఖలైతే విచారణ దాకా నడపొచ్చు. కానీ అది రికార్డులోకి ఎక్కిందో లేదో కనుక్కోకుండా మాత్రం కారు తియ్యకు.

పాత_కాపు
మీరు ఎంత చెప్పినా ఫైన్ కట్టిన సంగతి మారదు కదమ్మా. కట్టాడు. ఒప్పుకున్నాడు. నా మాట అదొక్కటే.

యారా_ఒడ్డు
మెల్‌బోర్న్ నుంచి. మా దగ్గర వేగం హద్దు కన్నా 10 లోపు ఎక్కువ పోతే ఒక్క పాయింటు. పీ వాళ్ళకి హద్దు ఏడాదిలో ఐదు పాయింట్లు. అంటే ఇదే కుర్రాడు ఇదే 58 మీద విక్టోరియాలో వెళ్ళి ఉంటే ఫైనూ ఒక పాయింటుతో పోయేది. మీ దగ్గర లెర్నర్లకీ పీ వాళ్ళకీ స్పీడింగ్ ఎంత చిన్నదైనా కనీసం నాలుగు పాయింట్లు. ఒకే దేశం, ఒకే తప్పు. మధ్యలో ముర్రే నది దాటితే మూడు నెలలు. ఇది న్యాయమేనా అని ఎవరూ అడగరేం?

జీబ్రా_గీతలు
నేను అడుగుతాను, ఇంకో వైపు నుంచి.

"ఎనిమిదే కదా" అనేవాళ్ళు ఒక లెక్క చెయ్యండి. 50 మీద వెళ్తుంటే సెకనుకి దాదాపు 13.9 మీటర్లు. 58 మీద 16.1. ఎదురుగా మనిషిని చూసి బ్రేక్ మీద కాలు పడటానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. ఆ లోపే మూడు మీటర్ల పైన ఎక్కువ వెళ్ళిపోతాడు. ఇంకా బ్రేక్ పడలేదు. వేగానికి వర్గం లెక్కన చూస్తే కారు మోసుకొచ్చే శక్తి మూడో వంతు పైన పెరుగుతుంది.

మా అమ్మ ఇండియా నుంచి మూడు నెలలు ఉండిపోదామని వచ్చింది. జీబ్రా గీతల మీదే దాటుతోంది. రెడ్ పీ పెట్టుకున్న కుర్రాడు. తాగలేదు, ఫోన్ చూడలేదు, "కొంచెం" ఎక్కువ వేగం. తుంటి ఎముక విరిగింది. కర్ర పట్టుకునే విమానం ఎక్కింది. మళ్ళీ ఇటు రానంది. మనవడి పుట్టినరోజు వీడియో కాల్‌లో చూస్తుంది. ఆ మూడు మీటర్లు నాకు ఆ లెక్క.

తెల్లారి_షిఫ్ట్
జీబ్రా_గీతలు గారూ, చాలా బాధగా ఉంది. నాకు దొరికిన రోడ్డు మీద మనుషులు లేరు, తెల్లవారుజాము 4 గంటలు.

జీబ్రా_గీతలు
మనుషులు లేరని నీకు ఎలా తెలుసు? ఆ వేళకి నీలాగే పనికి నడిచి వెళ్ళేవాళ్ళు ఉంటారు. నల్ల జాకెట్లు వేసుకుని.

రాత్రి_ట్రాలీ
నేను అలా నడిచేవాణ్ణే. సూపర్‌మార్కెట్ రాత్రి షిఫ్ట్. ఫుట్‌పాత్ లేని చోట రోడ్డు అంచునే నడుస్తాను.

ఫైళ్ళ_అక్క
అమ్మగారి సంగతి విని మనసు కలుక్కుమంది. కానీ ఈ అబ్బాయి ఎవరినీ గుద్దలేదు. వేరే కుర్రాడి తప్పుకి ఇతన్ని తూచకండి.

అప్పీల్‌లో చూసేది ఇంతకుముందు తప్పులేమైనా ఉన్నాయా, ఎంత వేగం, లైసెన్స్ లేకపోతే బతుకు ఎలా దెబ్బతింటుంది, తప్పు అర్థమైందా. అందుకే యజమాని నుంచి ఉత్తరం, కాలేజీ నుంచి ఉత్తరం, సొంతంగా రాసిన క్షమాపణ పట్టుకెళ్ళాలి. ట్రాఫిక్ అఫెండర్స్ ప్రోగ్రామ్ అని క్లాసులుంటాయి, అందులో చేరితే ఇంకా మంచిది. క్వీన్స్‌ల్యాండ్‌లో కొన్ని రకాల సస్పెన్షన్ పడినవాళ్ళు ఉద్యోగం పోయే పరిస్థితుంటే ప్రత్యేకంగా హార్డ్‌షిప్ ఆర్డర్ అడగొచ్చు. ఇక్కడ "పనికి మాత్రమే నడుపుకో" అనే లైసెన్స్ లేదు. అందుకే అప్పీల్ మీదే అంత బరువు పడుతోంది.

రాత్రి_ట్రాలీ
ఉత్తరం ఇచ్చే యజమాని ఉన్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఒకటా అక్కా? మా రూమ్మేట్‌కి నగదు మీద పని. "నువ్వు నా దగ్గర పనిచేస్తున్నావని రాసివ్వను" అన్నాడు ఓనరు. వాడు అప్పీల్‌కి వెళ్ళి ఏం చూపిస్తాడు? మూడు నెలలూ పస్తులున్నంత పని చేశాడు.

పాత_కాపు
అదీ మాట. ఉత్తరాలూ లాయర్లూ ఉన్నవాళ్ళ ఆట ఇది. ఫైన్ కట్టిన తర్వాత తల వంచుకుని ఉండటమే మర్యాద.

ఫైళ్ళ_అక్క
మర్యాదా? పాత_కాపు గారూ, మీ మాటే మూడోసారి చెప్తున్నారు కాబట్టి నేనూ మొహమాటం లేకుండా చెప్తాను. "పరాయి దేశం, తల వంచుకో" అని మా ఇంట్లోనూ పెద్దలు అన్నారు. మా తమ్ముడు అప్రెంటిస్. అప్పీల్ గడువు ఉన్నా వెయ్యనివ్వలేదు, పరువు అన్నారు. సైటు రోజుకో చోట. రెండు వారాలు ఎవరో ఒకరిని బతిమాలి వెళ్ళాడు. మూడో వారం నుంచి ఎవరూ ఎక్కించుకోలేదు. అప్రెంటిస్‌షిప్ పోయింది. ఈరోజుకీ వాడు చేస్తున్నది చదివిన పని కాదు. తల వంచినందుకు వాడికి ఎవరూ మర్యాద ఇవ్వలేదు. చట్టం ఇచ్చిన హక్కు వాడుకోవడం తప్పయితే ఆ చట్టం ఎవరి కోసం?

పాత_కాపు
నీకు నా సంగతి తెలీదు. తెలీకుండా "మీలాంటి పెద్దలు" అన్నట్టు మాట్లాడకు.

ఫైళ్ళ_అక్క
అయితే చెప్పండి. ఫైన్ సంగతి కాకుండా ఇంకేదో ఉంది మీ మనసులో.

పాత_కాపు
మావాడికి అప్పీల్ వేసింది నేనే.

వాడికీ రెడ్ పీ. వాడిదీ పదిలోపే. లాయర్ని పెట్టాను, సూటు కొన్నాను, క్షమాపణ ఉత్తరం నేనే కూర్చుని రాశాను, వాడు సంతకం పెట్టాడు. మేజిస్ట్రేట్ మొత్తం ఎత్తేశారు. బయటికొచ్చి అందరం హోటల్లో భోంచేశాం. నేనే అన్నాను, "చూశావా, నాన్న ఉండగా నీకేం భయం" అని.

ఐదు నెలలకి రాత్రి పూట మలుపులో కారు చెట్టుకి కొట్టాడు. పక్క సీట్లో వాడి స్నేహితుడు. ఇద్దరూ బతికారు. ఆ స్నేహితుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. వాళ్ళ అమ్మానాన్నలు మా ఇంటికి రావడం మానేశారు. పండగలకి ఒకే హాల్లో ఉంటాం, ఆ మూలకొకరు ఈ మూలకొకరు.

ఆ మూడు నెలలూ వాడు బస్సుల్లో తిరిగి ఉంటే ఏమై ఉండేదో నాకు తెలీదు. ఏమీ మారేది కాదేమో. కానీ వాడికీ వాడు చేసిన పనికీ మధ్యలో నేను నిలబడ్డాను. ఫైన్ కట్టాడు, ఒప్పుకున్నాడు అని పదేపదే అంటున్నది అందుకే. ఒప్పుకున్న తర్వాత దాన్ని మోయాలి కదా. మోయకుండా చేసింది నేను.

యారా_ఒడ్డు
అన్నగారూ, ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

జీబ్రా_గీతలు
పాత_కాపు గారూ, మీ మాట నాకు అర్థమైంది. కానీ మీరు చెప్పేది కుర్రాడు నేర్చుకోవడం గురించి. నేను చెప్పేది వేరు. వాడు నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఆ మూడు నెలలూ రోడ్డు మీద ఒక కారు తక్కువ. నా కోసం, మా అమ్మ కోసం.

ఫైళ్ళ_అక్క
చూశారా, ఇప్పుడు తేలింది. ఒకరు పాఠం అంటున్నారు, ఒకరు కాపలా అంటున్నారు. పాఠమే అయితే ఈ కుర్రాడికి ఎన్ని రోజులకి ఎక్కుతుందో మనిషిని చూసి చెప్పాలి, అందుకే మేజిస్ట్రేట్ ఉన్నారు. కాపలా అయితే యారా_ఒడ్డు అడిగింది నిలబడుతుంది. విక్టోరియాలో నడిచేవాళ్ళ ప్రాణాలు ప్రాణాలు కావా? నేను మాత్రం మొదటిదే నమ్ముతాను. పాత_కాపు గారూ, మీ అబ్బాయి విషయంలో లోపం అప్పీల్‌ది కాదేమో. ఉత్తరం మీరు రాశారు, అక్కడ ఉంది లోపం. తప్పుగా అనుకోకండి.

పాత_కాపు
అనుకోను. నేనే ఎన్నో రాత్రులు అనుకున్నాను.

తెల్లారి_షిఫ్ట్
రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను, ఏం రాయాలో తెలీలేదు. ఒక విషయం దాచాను. నిన్న సూపర్‌వైజర్‌ని ఉత్తరం అడిగాను. ఇస్తానన్నారు. ఇస్తూ "కావాలంటే మూడు నెలలు 7 గంటల షిఫ్ట్‌కి మారిపో, ఖాళీ ఉంది" అన్నారు. ఆ వేళకి బస్సు ఉంది. ఎర్లీ షిఫ్ట్ అలవెన్స్ పోతుంది, క్లాసుకి ముప్పావుగంట ఆలస్యమవుతుంది. అంతే, ఉద్యోగం పోదు. ఆ షిఫ్ట్ సంగతి ఉత్తరంలో రాయలేదు. నేను చెప్పకపోతే కోర్టులో ఎవరికీ తెలీదు. అక్కా, చెప్పాలా?

ఫైళ్ళ_అక్క
చెప్పాలి. "ఉద్యోగం పోతుంది" అని నోటితో అని, ఆ షిఫ్ట్ ఉందని ఒక్క ప్రశ్నలో బయటపడితే తర్వాత నువ్వు ఏం చెప్పినా నమ్మరు. బయటపడకపోయినా చెప్పాలి. దీనివల్ల నీ కేసు బలం తగ్గుతుంది, అది దాచను. మొత్తం ఎత్తెయ్యమని అడగడం ఇప్పుడు కష్టం. క్లాసుల హాజరు కాగితాలు పట్టుకెళ్ళి, తగ్గించమని అడగొచ్చు.

రాత్రి_ట్రాలీ
చెప్పు తమ్ముడూ. ఆ ఉత్తరం కూడా దొరకనివాళ్ళం ఉన్నాం.

తెల్లారి_షిఫ్ట్
సరే. గురువారం సెలవు పెట్టి కోర్టు రిజిస్ట్రీకి (అప్పీల్ కాగితాలు తీసుకునే ఆఫీసు) వెళ్తున్నాను. ఒక నెలకి తగ్గించమని అడుగుతాను, షిఫ్ట్ సంగతి నా ఉత్తరంలోనే రాస్తాను. నాన్న రాసిస్తానన్నారు, వద్దన్నాను. ఇంగ్లీషులో రెండు పేజీలు అయింది, 58 గురించి ఉన్నది మూడు లైన్లే. మిగతాదంతా నా కష్టాలు. తిరగ రాస్తున్నాను.

జీబ్రా_గీతలు
అప్పీల్ వద్దనే నా మాట. కానీ ఆ మూడు లైన్లు పెంచు. ఆ రోడ్డు మీద ఆ రోజు ఎవరు నడుస్తూ ఉండొచ్చో రాయి.

పాత_కాపు
గురువారం వరకూ ఆగకు. 11 అన్నావు, ఇప్పటికి రెండు పోయాయి. ఆ కౌంటర్ దగ్గర ఒక్క కాగితం తక్కువైనా వెనక్కి పంపిస్తారు.