పాత మడత కత్తుల మీది తయారీ ముద్రలను పోల్చుకోవడం ఎలా?

ప్రశ్న – అమలాపురం నుంచి

మా తాతగారు కోటిపల్లి రేవులో యాత్రికులకు క్షవరాలు చేసేవారు. ఆయన పొదిలో మిగిలిన మూడు కత్తులను ఎవరు తయారుచేశారో, ఏ కాలానివో తెలుసుకోవాలని ఉంది. మొదటి కత్తి అలుగు పిడిలోకి ముడుచుకునే చోట, దళసరి ఉక్కు మీద కిరీటం, దానికి అటూ ఇటూ వి, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు, కింద నక్షత్రం, చివరలు చీలిన శిలువ ఉన్నాయి. పేరులో ‘రోజర్స్’ అన్నంతవరకే చదవగలిగాను. రెండవదాని మీద పక్కపక్కన నిలబడిన ఇద్దరు మనుషుల బొమ్మ, ‘సోలింగెన్’, ‘జర్మనీ’ అన్న మాటలు ఉన్నాయి. పాత సామాను కొనే వ్యాపారి ఒకరు ఇది 1731 నాటిదని చెప్పారు. మూడవది బాగా తుప్పుపట్టింది. ‘ఐ’, ఒక చుక్క వంటిది, ‘ఎక్స్ ఎల్’ లీలగా కనిపిస్తున్నాయి. చింతపండుతో తోమితే మిగతాది బయటపడుతుందా?

జవాబు – నరసాపురం నుంచి

దయచేసి చింతపండు జోలికి పోకండి. పులుపు ఇత్తడికి మెరుపు తెస్తుందేమో గానీ, ఉక్కును తినేస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే తుప్పుతోపాటు ముద్ర అంచులు కూడా పోతాయి. మెత్తటి గుడ్డను కుట్టుమిషను నూనెలో ముంచి తుడిచి, ఒక రాత్రి ఆగి, చీకటి గదిలో టార్చిలైటు వెలుగును పక్కనుంచి ఏటవాలుగా పడనివ్వండి. అప్పటికీ చదవలేకపోతే పలుచని కాగితం పరిచి, మెత్తని పెన్సిలు మొనను పడుకోబెట్టి రుద్దండి.

మొదటిది ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన జోసెఫ్ రోజర్స్ అండ్ సన్స్ వారి ముద్ర. నక్షత్రమూ శిలువా వారి ఆనవాలు. వి, ఆర్ అంటే విక్టోరియా రాణి, ఆమె పాలన 1837 నుంచి 1901 వరకు. అయితే ముద్ర చెప్పేది ‘అంతకు ముందుది కాదు’ అన్న సంగతి మాత్రమే. పాత అచ్చును రాణిగారి తరువాత కొంతకాలం వాడి ఉండరని అది హామీ ఇవ్వదు. పైగా ఆ పేరుకు గిరాకీ ఎక్కువ కాబట్టి అనుకరణలూ ఎక్కువే. అందుచేత అక్షరాల పొందిక సమంగా ఉందో, ఒకటి పైకీ ఒకటి కిందికీ పడిందో చూడండి.

జవాబు – కాకినాడ నుంచి

రెండవదాని మీది జంట మనుషుల బొమ్మ హెంకెల్స్ వారిది. ఆ గుర్తును పీటర్ హెంకెల్స్ 1731లో జర్మను పట్టణమైన సోలింగెన్‌లో నమోదు చేయించారు. వ్యాపారిగారు గుర్తు పుట్టిన ఏడాదిని కత్తి పుట్టిన ఏడాదిగా చెప్పారు. ఆ లెక్కన నిన్న తయారైన కత్తికీ అదే వయసు వస్తుంది. ‘జర్మనీ’ అన్న మాటే మీకు అసలు ఆధారం. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలన్నది. ఆ నియమం 1891 నుంచి అమలైంది కనుక మీ కత్తి ఆ తరువాతిదే.

జవాబు – పాలకొల్లు నుంచి

పై మాటను కొంత సడలించుకోవాలి. మన రేవులకు వచ్చిన సరుకు అమెరికా చట్టానికి లోబడినది కాదు. చవక జర్మను కత్తులను షెఫీల్డువిగా చలామణి చేస్తున్నారన్న గోలతో బ్రిటన్‌లో 1887లో, ఇక్కడ 1889లో సరుకు ముద్రల చట్టాలు వచ్చాయి. కాబట్టి దేశం పేరు ఉంటే అది సుమారుగా 1890 ప్రాంతం నుంచి ఇటువైపుదని అనుకోవచ్చు. పేరు లేనంత మాత్రాన అంతకంటె పాతదని తేల్చడం తొందరపాటు.

మూడవదానిపై మీరు చుక్క అనుకున్నది నక్షత్రమై ఉంటుంది. ‘ఐ’, నక్షత్రం, ‘ఎక్స్ ఎల్’ కలిసిన ముద్ర షెఫీల్డులోని జార్జ్ వాస్టెన్‌హోమ్ వారి గుర్తు. అదే చోట ‘వాషింగ్టన్ వర్క్స్’ అని కూడా కనిపిస్తే 1848కి ముందుది కాదు, ఎందుకంటే ఆ కర్మాగారం పేరు అప్పటి నుంచే ఉంది. ముద్ర వెనుకవైపున ఏ పేరైనా ఉంటే అది అమ్మిన కొట్టుదై ఉండవచ్చు.

పిడిని మాత్రం నమ్మకండి. పిడి విరిగితే గేదె కొమ్ముతో కొత్తది చేయించుకోవడం మన వృత్తివారికి మామూలే. మేకులు రెండు చివరలా ఒకే తీరుగా, కింద చిన్న బిళ్ళలతో ఉంటే అసలు పిడి అనుకోవచ్చు. సుత్తి దెబ్బలు కనిపిస్తే మార్చినదే.

ప్రశ్న అడిగినవారి నుంచి

నూనె, పెన్సిలు రెండూ పనిచేశాయి. మూడవదానిపై నక్షత్రం స్పష్టంగా తేలింది, కింద ‘షెఫీల్డ్’, దాని తరువాత ‘ఇంగ్లండ్’ కనిపించాయి, ‘వాషింగ్టన్’ లేదు. మొదటిదాని పిడి మేకులకు సుత్తి గుర్తులున్నాయి. జర్మను కత్తి పిడి మాత్రం పసుపు రంగులో, పగుళ్ళిచ్చి, కర్పూరం వాసన వేస్తోంది.

జవాబు – నరసాపురం నుంచి

ఆ వాసన సెల్యులాయిడ్‌ది. కర్పూరం కలిపి చేసే ఆ తొలినాటి ప్లాస్టిక్ వచ్చింది 1870 ప్రాంతంలో. చివికిపోయేటప్పుడు అది విడిచే ఆవిరి పక్కనున్న ఉక్కును కూడా తుప్పుపట్టిస్తుంది కనుక, ఆ కత్తిని పొదిలో నుంచి తీసి గాలి ఆడే చోట విడిగా ఉంచండి. మిగతా రెండింటికీ పలుచగా నూనె రాసి, తోలు సంచిలో కాక పొడి నూలుగుడ్డలో చుట్టండి.